తుపాకి అంటే ఒప్పుకోని మామ

మామ పోయిన రోజు మధ్యాహ్నానికే సింగానల్లూరులో మా వీధి మలుపున ఫ్లెక్సీ లేచింది. పైన అరవంలో కన్నీటి అంజలి, మధ్యలో మామ ఫోటో, ఫోటో కింద అసలు పేరు, దాని పక్కన ఊరంతా పిలిచిన పేరు: తుపాకి. మా వైపు చావు ఫ్లెక్సీ మీద పిలుపు పేరు వేయకపోతే పోయింది ఎవరో ఎవరికీ తెలియదు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఫ్లెక్సీ కొట్టేవాడికి కింది మూల బోసిగా కనిపించిందట. ఇంటర్నెట్టులోంచి ఒక నల్లటి పిస్టల్ బొమ్మ తెచ్చి అక్కడ అతికించాడు. మామకి నచ్చినవి రివాల్వర్లు. పిస్టళ్ళని అమ్మాడు, తుడిచాడు, నూనె వేశాడు, అంతే. వాటి మీద ఆయనకి ప్రేమ లేదు.

తుపాకి అన్న మాట మీదైతే ప్రేమ మాట దేవుడెరుగు, సహనం కూడా లేదు. ఆ మాట వినపడితే చాలు ముక్కుపుటాలు అదిరేవి. అలాంటి మనిషిని జీవితమంతా ఆ మాటతోనే పిలిచి, చివరికి ఆ మాటతోనే సాగనంపాం. మనవాళ్ళకి ఎవరిని ఎక్కడ గిల్లితే ఉడుక్కుంటారో బాగా తెలుసు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కోయంబత్తూరు పాత బజారులో ఒక ఆయుధాల అంగడి ఉండేది. అందులో గుమాస్తాగా చేరి, అమ్మకం నేర్చి, రిపేరు నేర్చి, వయసు మళ్ళేదాకా అక్కడే ఉన్నాడు. గంజి పెట్టిన తెల్ల చొక్కా, మెడ వెనక పౌడరు, రోజూ కొసలు కత్తిరించిన మీసం. వినయం అన్నది ఆయన వీధిలోకి కూడా తొంగి చూడలేదు. ఎస్టేటు యజమాని ముదలాళి ఎవరైనా వచ్చి అద్దాల బీరువాలో ఉన్న రివాల్వర్ని చూపిస్తూ "ఆ పిస్టల్ ఇట్లా తియ్యి" అంటే, "పిస్టల్ ఆ పక్క ఉండాది సార్" అని అటు నడిచేవాడు. ముదలాళి సరైన మాట అనేదాకా ఈ పక్క తాళం తీసేవాడు కాదు. అంగడి యజమాని లోపల కూర్చుని తల పట్టుకునేవాడు.

"తుపాకి అంటే ఏంది అమ్మణీ?" అని ఒకసారి మా ఇంట్లో నన్ను పట్టుకున్నాడు. నేను టీవీ వార్తలు చూస్తూ ఏదో అని ఉంటాను. "బస్టాండులో నిలబడుకోని వాహనం వచ్చెనా అని అడగతావా? కారమడై బస్సు వచ్చెనా అని కదా అడిగేది?"

"నాకి తెలిసింది అంతే మామా. పేలితే తుపాకి."

"పేలితే తుపాకి! కుక్కరు కూడా పేలతాది. అదీ తుపాకినా?"

అప్పుడే మా అమ్మ పొయ్యి మీంచి పణియారం చట్టి దించుతోంది. గుండ్రటి పెనం, చుట్టూ గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో పిండి ఉండ. మామ మసిగుడ్డతో దాన్ని లాక్కుని నా ముందు పెట్టాడు.

"ఈ గుంటలు చూడు. ఒక్కో గుంటకీ ఒక్కో గుండు. ఒక్కటి పేలితే ఈ గూడు తిరగతాది, ఇంగొక గుంట వచ్చి గొట్టానికి నేరుగా నిలస్తాది. అది రివాల్వర్. పేలిన గుల్ల గుంటలోనే ఉండిపోతాది, మనమే తీసి పారెయ్యాల. పిస్టల్ అట్ల కాదు. గుండ్లంతా ఒక సన్న డబ్బీలో ఒకదాని మింద ఒకటి. ఆ డబ్బీని పిడిలో దూర్చాల. పేల్చినప్పుడంతా గుల్లని అదే బయటికి ఎగరేస్తాది. ఇంగ ఈ రెండూ కాకుండా ఒక్కటే గుండు పెట్టి, పేల్చి, మళ్ళ పెట్టేది ఒకటి ఉండాది, సింగిల్ షాట్. మూడూ ఒక చేత్తో పట్టేవే. అన్నిట్నీ కలిపి హ్యాండ్‌గన్ అను, ఒప్పుకుంటా."

"ఆటోమేటిక్ అంటారే మామా, అది?"

"అనేవాళ్ళ నోట్లో మన్ను. ఒక నొక్కుకి ఒకటే గుండు వస్తే అది సెమీ. నొక్కి పట్టుకుంటే వస్తానే ఉండేది ఆటోమేటిక్. అది మన అంగడిలో యాడ ఉండాది? మిలిటరీలో అడుగు."

"పాఠం అయితే ఆ చట్టి ఇట్లియ్యిరా, అడుగు మాడతాండాది" అంది అమ్మ.

మా తమ్ముడు ఊరుకునే రకం కాదు. ఫోన్లో వెతికి, చేతిలో పట్టే వాటన్నిటినీ పిస్టల్ అనొచ్చునని, రివాల్వర్ కూడా ఒక రకం పిస్టలేనని కొందరంటారని చదివి వినిపించాడు. మామ ముఖం కందగడ్డ అయింది. "ఎవురు వాళ్ళు, కొందరు? వాళ్ళకి లైసెన్సు ఉండాదా?" అని లేచి వెళ్ళిపోయాడు. తమ్ముడు చదివింది తప్పు కాదు. ఆ సంగతి మామకీ తెలుసు. రెండు రోజులు అలిగి, మా అమ్మ దగ్గర మాత్రం గొంతు తగ్గించి ఒప్పుకున్నాడు. "ఇంగ్లీషోళ్ళు కొందరు అట్ల అంటారక్కా. వాళ్ళ కర్మ."

ఆయనతో సినిమాకి పోవడం అంత పాపం ఇంకొకటి లేదు. తెర మీద హీరో రివాల్వర్ తీస్తే మామ వేళ్ళు మడవడం మొదలయ్యేది. గూడు ఎప్పుడో ఖాళీ అయిపోవాలి, హీరో ఇంకా పేలుస్తూనే ఉంటాడు. "అది యాడనుంచి వచ్చె? జోబులోంచా?" అని గట్టిగా అరిచేవాడు. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి తిట్టేవాళ్ళు. అత్త పాప్‌కార్న్ పొట్లం ఆయన నోటికి అడ్డం పెట్టేది. దీపావళికి వీధిలో ఆడుకునే పిల్లల్ని కూడా వదిలేవాడు కాదు. ఎర్రటి ప్లాస్టిక్ చక్రంలో మందు ఉండేది రివాల్వర్ వరస అట, కాగితం రీలు వేసేది ఏ వరసలోకీ రాదట. పిల్లలు బుద్ధిగా విని, ఆయన అటు తిరగగానే "తుపాకి మామోయ్" అని అరిచి పరుగెత్తేవాళ్ళు. ఆ పిలుపుకి ఆయన ఎన్నడూ పలకలేదు. చెవిటివాడిలా నడిచిపోయేవాడు.

ఎవరి వైపూ వేలు చూపించడు. దారి చెప్పాలన్నా అరచెయ్యి మొత్తం తెరిచి చూపించేవాడు. ఏ వస్తువు చేతికిచ్చినా మూతి తన వైపు పెట్టుకుని పిడి మన వైపు ఇచ్చేవాడు. గొడుగు, టార్చిలైటు, గరిటె, ఏదైనా సరే. సంతలో సొరకాయ కొన్నా దాని కాడ ఎటుందో చూసుకుని సంచిలో పెట్టేవాడు. మా పిన్ని కొడుకు ఒకడు బొమ్మ పిస్టల్ ఆయన వైపు ఎక్కుపెడితే, అంత ముద్దుచేసే మనిషి చాచి ఒక్కటి పీకాడు. తరువాత ఆయనే వాడిని ఎత్తుకుని ఐస్‌క్రీము కొనిచ్చాడు కానీ, బొమ్మ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"మీ మామకి లోకంలో అన్నిటి పేర్లూ తెలుసు, నా పేరు తప్ప" అనేది అత్త. నిజమే. పెళ్ళయిన నాటినుంచి ఆమెని "ఇదిగో" అనే పిలిచాడు. నేను ఆ మాట ఆయన ముందు అంటే సిగ్గుపడి మీసం దువ్వుకున్నాడు. ఆ ఒక్క విషయంలోనే ఆయన నా దగ్గర ఓడిపోయాడు.

నవ్వుకోవడానికి ఇన్ని ఉన్నా, ఒక సంగతి మాత్రం ఎవరూ కాదనేవాళ్ళు కాదు. మామ తప్పు పేరు పలకడు. మదురై వైపు నల్లరేగడి ఊళ్ళలో మన తెలుగు రైతులు లైసెన్సు ఆయుధాలు పెట్టుకుంటారు. పందుల బెడదకి కొందరు, పరువుకి ఎక్కువమంది. వాళ్ళంతా మామ అంగడికే వచ్చేవాళ్ళు. ఏది కొనాలి, దేనికి ఏ గుండు, ఏది చేతిలోనే పగిలేలా ఉంది, అన్నీ ఆయన్నే అడిగేవాళ్ళు. ఆయన చెప్పాడంటే ఇక రెండో మాట లేదు.

కూతురి సంబంధం కూడా అలాగే కుదిరింది. తిరుమంగలం దగ్గర ఒక ఊరినుంచి తండ్రీకొడుకులు తాతలనాటి రివాల్వర్ని మరమ్మతుకి తెచ్చారు. మామ దాన్ని విప్పి చూశాడు. ఎక్కడా తుప్పు లేదు, నూనె తడి ఆరలేదు, ప్రతి ఆయుధపూజకీ పెట్టిన గంధం మాత్రం పిడి సందుల్లో మిగిలి ఉంది. "ఆయుధాన్ని ఇంత శుద్ధంగా పెట్టుకున్న ఇంట్లో ఆడపిల్లకి తక్కువ చెయ్యరు" అని ఇంటికొచ్చి ప్రకటించాడు. పెళ్ళికొడుకు ఏం చదివాడో అత్త అడిగితే తెలియదు. రివాల్వర్ ఎక్కడ తయారైందో మాత్రం తెలుసు. "పిల్లని రివాల్వర్‌కిచ్చి కట్టబెట్టినాడు" అని అత్త ఊరంతా చెప్పుకుంది. చెప్పకూడదు గానీ, సంబంధం మంచిదే. అల్లుడు నెమ్మదస్తుడు, పత్తి పండిస్తాడు, పెళ్ళాన్ని ఒక్క మాట అనడు.

ఆ ఊళ్ళో పేరంటాలమ్మ జాతర చేస్తారు. ఎప్పుడో మన వంశంలో పుట్టి దేవతైన ఆడబిడ్డ ఆమె. అమ్మవారి కరగం కుండ తలకెత్తే క్షణంలో, ముందు మరియాద, అంటే మొదటి గౌరవం, ఉన్న ఇంటివాళ్ళు ఆకాశంలోకి ఒక గుండు పేలుస్తారు. చట్టం ఒప్పదు, ఊరు ఒప్పుతుంది. ఆ మరియాద అల్లుడి ఇంటిది, ఆ పేలుడు ఆ తాతలనాటి రివాల్వర్‌ది. అల్లుడి పెదనాన్న కొడుకు ఒకడు ఉన్నాడు, దాయాది. వయసులో పెద్ద, పొలంలో పెద్ద, మరియాదలో మాత్రం రెండోవాడు. అతను మామ అంగడిలోనే ఒక పిస్టల్ కొన్నాడు. నాదీ పేలితే నేనూ సమానమే కదా అని అతని లెక్క.

కొన్నేళ్ళ కింద ఆ జాతరకి మామ, అత్తలతో నేనూ పోయాను. కరగం లేచింది. డప్పులు, కుక్కల అరుపులు, ఆడవాళ్ళ కులవల కూతలు. అల్లుడి చెయ్యీ లేచింది, దాయాది చెయ్యీ లేచింది. రెండు పేలుళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పైన వెదురు కట్టు మీద మైకు సెట్టు మనిషి కూర్చుని ఉన్నాడు. "అయ్యో, వైరు తెగినట్టు ఉండాది" అన్నాడు ముందు. తరువాత తన చొక్కా చూసుకున్నాడు. గుండు అతని ఎడమ దండచేతిని చీల్చుకుని పక్కనున్న స్పీకరు చెక్కపెట్టెలో దిగింది.

అతని పేరు సవరిముత్తు. మదురైలో రైలు కట్ట పక్కన ఉంటారు, చర్చికి పోయే మన తెలుగు కుటుంబం. వాళ్ళ నాన్న కాలంనుంచి ఈ జాతరకి లైట్లూ మైకూ వాళ్ళే కట్టేది. మనిషిని కారులో వేసుకుని పోయి, ఆస్పత్రిలో ఇనుపకమ్మి గుచ్చుకుందని చెప్పారు. స్టేషన్‌కి పోతే రెండు ఇళ్ళ లైసెన్సులూ పోతాయి. చెయ్యి నిలిచింది కానీ, భుజం పైకి ఇక లేవదన్నారు. కట్టులెక్కి బతికే మనిషికి అది ఎలాంటి మాటో వేరే చెప్పక్కర్లేదు.

ఊరికి ఒక కట్టుబాటు ఉంది. పేరంటాలమ్మ ముందు ఏ ఇంటి ఆయుధం రక్తం చిందిస్తే, ఆ ఇల్లు ముందు మరియాద వదులుకోవాలి. దెబ్బతిన్న మనిషిని ఇంటివాడిగా చూసుకోవాలి, అతని కుటుంబాన్ని తన కుటుంబంగా నడపాలి. ఎవరిదో తేలకపోతే అది అమ్మవారి ఇష్టం, ఊరంతా కలిసి ఆస్పత్రి ఖర్చు పెట్టి చేతులు దులుపుకుంటుంది. ఇద్దరూ నాది ఆకాశంలోకే పోయిందన్నారు. చెక్కపెట్టెలోంచి గుండు తీశారు. రెండు ఆయుధాలకీ ముప్పైరెండు సైజు గుండ్లే, ఇది దేనిదో చూస్తే ఎవరికీ తెలియలేదు.

అప్పుడు మామ నోరు ఊరుకోలేదు. రెండు ఇళ్ళవాళ్ళ ముందు, కట్టు కట్టిన చేత్తో కూర్చున్న సవరి ముందు, పెద్దల ముందు అన్నాడు. "దీనికెందుకు ఇంత పంచాయతీ? గుండు నా చేతిలో పెట్టండి. ఒక్క సూపు సాలు. ఏ ఆయుధందో పేరు సెప్తా."

దాయాది వైపు పెద్దాయన వెంటనే ఒప్పుకున్నాడు. "ఆయన పిల్లనిచ్చిన ఇల్లే కావచ్చు. అయినా ఆయన తప్పు పేరు పలకడు. ఆయన సెప్తే మాకి సరి." సవరి కూడా తల ఊపాడు. "నాకి స్టేషన్ వద్దు, కోర్టు వద్దు. ఆ అయ్య సెప్తే సాలు." మామ మీసం ఒక చుట్టు తిరిగింది. ఇన్నాళ్ళకి ఆయన పాండిత్యం ఒక ఊరికి కావలసి వచ్చింది.

పెద్దలు మరుసటి పొద్దున కూర్చుంటామన్నారు. ఆ మధ్యలో కూతురు వచ్చింది. మేము పంపుసెట్టు గది పక్కన నిలబడి కాఫీ తాగుతున్నాం. తను నన్ను చూసి కూడా ఆగలేదు.

"నాయనా, మా ఆయన రాత్రంతా నిద్రపోలా. అన్నం ముట్టలా."

"నేనింకా గుండు చూడలేదు తల్లీ."

"నువ్వు తప్పు సెప్పద్దు. నేను అట్ల అడగను. తెలిసిందంతా సెప్పాలని ఏముండాది? సుమ్మా, నోరు మూసుకోని ఉంటే సాలదా? నేను ఈ ఇంట్లో బతకాల నాయనా. మరియాద పోయిన ఇంట్లో నన్ను రోజూ ఎవురు ఏమంటారో నీకి తెలుసు. మీ నాయనే మా మరియాద దింపేసినాడు అంటారు."

మామ కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టాడు. "పో, ఇంట్లోకి పో" అన్నాడు, అంతే. కోపంగా అనలేదు. కూతురు పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు. నాకు ఆ మనిషి మీద మొదటిసారి జాలి వేసింది.

సత్యం చేసేటప్పుడు మా వైపు కర్పూరం వెలిగిస్తారు. చెప్పాల్సింది చెప్పి అరచేత్తో దాన్ని ఆర్పాలి. అబద్ధమాడి ఆర్పితే ఆ చెయ్యి అన్నానికి పనికిరాదంటారు. పేరంటాలమ్మ రాయి ముందు తమలపాకు మీద గుండు పెట్టారు. పక్క ఆకు మీద కర్పూరం. మగవాళ్ళంతా ఒక పక్క, ఆడవాళ్ళం వేపచెట్టు నీడన. సవరి తన చెక్కపెట్టె మీదే కూర్చున్నాడు. అల్లుడు నేల చూస్తున్నాడు.

మామ గుండు తీసుకున్నాడు. ఒక్క చూపు చాలన్న మనిషి. వేళ్ళ మధ్య తిప్పాడు, వెలుగుకి పట్టాడు, గోటితో గీరాడు, మళ్ళీ తిప్పాడు. కర్పూరం కరుగుతోంది. నేను ఆయన ముక్కుపుటాల వైపే చూస్తున్నాను. అవి కదల్లేదు.

"ఇది తుపాకి గుండు" అన్నాడు.

నేను సరిగ్గా విన్నానా అనిపించింది. దాయాది వైపు పెద్దాయన కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, ముందుకి వంగాడు. "అది మాకీ తెలుసు సమ్మందీ. ఏ తుపాకి? రివాల్వరా, పిస్టలా?"

"చేతి తుపాకి."

"రెండూ చేతివే కదా సమ్మందీ!"

"నలిగి ఉండాది. అంతకి మించి నేను సెప్పలేను. తుపాకి." అని అరచెయ్యి కర్పూరం మీద పెట్టాడు. అబద్ధం ఆడలేదు. ఆ మాటల్లో తప్పు పట్టుకోవడానికి ఎవరికీ ఏమీ దొరకదు. చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు. ఎవరో భుజం తట్టి లేపారు.

అక్కడున్న వాళ్ళలో ఆ మనిషి సంగతి తెలియని వాళ్ళు లేరు. ముదలాళి తప్పు మాట అంటే తాళం తీయని మనిషి, సినిమా హాల్లో అరిచే మనిషి, అమ్మవారి ముందు నిలబడి తుపాకి అన్నాడు. ఊరికి అంతా అర్థమైంది. కానీ ఆయన మాటే సరి అని దాయాది వైపువాళ్ళు ముందే ఒప్పుకుని ఉన్నారు. పెద్దలు గొంతు సవరించుకుని, ఇది అమ్మవారి ఇష్టం, ఆస్పత్రి ఖర్చు ఊరిది అని తీర్మానించారు. సవరి "సరే అయ్యా" అన్నాడు. లేచి, కుడిచేత్తో వైరు చుట్ట భుజాన వేసుకున్నాడు. చెక్కపెట్టె మోయడానికి ఇంకొకరు రావలసి వచ్చింది. మరుసటి ఏడు కూడా మొదటి పేలుడు అల్లుడి ఇంటిదే.

తిరిగొచ్చాక మామలో తేడా ముందు కనిపెట్టింది అత్తే. "మీ మామకి ఒంట్లో బాగలేదు అమ్మణీ. టీవీలో ఎవుడో తుపాకి తుపాకి అంటాండాడు, ఈయన సుమ్మా కూచోనుండాడు" అంది. నేను పరీక్షించడానికి పోయాను. పోలీసులు ఎవరి దగ్గరో ఏదో పట్టుకున్నారని వార్త వస్తోంది, తెర మీద రివాల్వర్, కింద పిస్టల్ అని అక్షరాలు. మామ చూశాడు, ఛానెల్ మార్చాడు. అంగడి పని ఆ తరువాత కొన్ని నెలలకే మానేశాడు. కళ్ళు కనపడ్డం లేదన్నాడు. అది అబద్ధం, నా ఫోన్లో అక్షరాలు దూరంనుంచే చదివేవాడు. వీధిలో పిల్లలు తుపాకి మామా అంటే "ఏందిరా" అని పలకడం మొదలుపెట్టాడు. వాళ్ళకి ఇక సరదా పోయి పిలవడం మానేశారు. అల్లుడు పండగలకి వచ్చేవాడు, మామగారి కాళ్ళకి దండం పెట్టేవాడు. ఇద్దరూ వాన గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఒకసారి రివాల్వర్ గూడు బిగుసుకుందని, కొంచెం చూడమని అడిగాడు. "కోయంబత్తూరులో అంగళ్ళు ఉండాయి మాప్పిళ్ళా" అన్నాడు మామ.

కక్కలేక మింగలేక ఆయన అలా ఎన్నాళ్ళు ఉన్నాడో నాకు సరిగ్గా తెలియదు. పోయే ముందు ఏడు, మదురైలో గుడికి పోదాం రమ్మని నన్ను అడిగాడు. గుడికి పోయే మనిషి కాదు. అయినా బయలుదేరాం. దిండిగల్లులో బస్సు బిరియానీ హోటలు ముందు ఆగింది, అందరూ దిగారు, ఆయన దిగలేదు. మదురైలో దిగాక ఆటోవాడికి గుడి పేరు చెప్పలేదు. రైలు కట్ట పక్క సందు పేరు చెప్పాడు. అప్పుడు నాకు తెలిసింది.

సవరిముత్తు ఇల్లు ఒక్క గది. ఇప్పుడు అతను బైకు స్టాండులో టోకెన్లు ఇస్తున్నాడు, కూర్చుని చేసే పని. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఎడమచెయ్యి పక్కకి వేలాడుతోంది. "రండయ్యా, రండమ్మా, కూచోండి" అని ఉన్న ఒక్క కుర్చీ జరిపాడు. భార్య లోపలికి పోయి స్టవ్ వెలిగించింది. పిల్లలేం చేస్తున్నారని నేనే అడిగాను. కొడుకు దుబాయిలో వైరింగ్ పనికి పోయాడట. కాసేపు ఫోన్లో వాడి ఫోటోలు చూశాం.

మామ కూర్చోలేదు. గోడ పట్టుకుని నిలబడే అన్నాడు.

"సవరీ, అది రివాల్వర్. పిస్టల్ గుండుకి రాగి తొడుగు ఉంటాది. దానికి లేదు, ఉత్త సీసం. ఆకు మింద సూడంగానే నాకి తెలిసిపోయె. అది మా అల్లుడిదే."

ఇన్నేళ్ళ తరువాత ఆయన గొంతులో ఆ మాట విన్నాను. రివాల్వర్. ఎప్పటిలాగే, ఒక్కో అక్షరం తుడిచిపెట్టినట్టు. నాకు ఏడుపొచ్చింది.

సవరి ఆశ్చర్యపోలేదు. ఫోను లుంగీ మడతలో పెట్టుకున్నాడు.

"తెలుసయ్యా. తమరు తుపాకి అన్నెప్పుడే తెలిసె."

"నేను సెప్పుండాల."

"ఆమాం అయ్యా, సెప్పుండాల. ఆ పొద్దు ఊరంతా ఉండె, అమ్మవారు ఉండె. ఆ పొద్దుకే కదా నేను అడిగింది. ఇప్పుడు సెప్తే వినేదానికి ఎవురుండారు? నేనూ, నా పెండ్లామూ. మాకి ముందే తెలుసు."

భార్య రెండు గ్లాసులు తెచ్చింది. సవరి ఒకటి అందుకుని మామ వైపు చాచాడు.

"కాఫీ ఆరిపోతాది. తాగండయ్యా."

మామ తీసుకున్నాడు. పొగలు కక్కుతున్న కాఫీ నిలబడే మొత్తం తాగేశాడు. ఖాళీ గ్లాసు అందుకోవడానికి సవరి, లేచే ఆ ఒక్క కుడిచెయ్యీ చాచి నిలబడి ఉన్నాడు.